ఈ చలికాలం నాలుగు కచేరీలు

(హనుమకొండలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, దీపావళికి ముందు జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, వెనక జంపఖానా మీద కూర్చున్న పిల్లలకు కూడా. పండగ పనులు పెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

రాబోయే కర్ణాటక సంగీత కచేరీల గురించి చెప్పమని కమిటీ వాళ్లు నన్ను నిలబెట్టారు. ముందు అవి ఎప్పుడెప్పుడో చెప్పేస్తాను, ఫోన్లో రాసుకోండి. మొదటిది కార్తీక పౌర్ణమి తర్వాత వచ్చే శనివారం, సాయంత్రం ఆరింటికి. అది వీణ కచేరీ. రెండోది మార్గశిరంలో, గాత్రం. పక్కన వయొలిన్, మృదంగం, ఘటం ఉంటాయి. రెండున్నర గంటల నిండు కచేరీ. మూడోది ధనుర్మాసంలో ఒక ఆదివారం, పొద్దున ఏడింటికే. అన్నమయ్య, రామదాసు కీర్తనలు, మన చుట్టుపక్కల భజన మండళ్లు కూడా అదే వేదిక మీద. నాలుగోది పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజస్వామి ఆరాధన రోజు. ఆ రోజు ఆయన పంచరత్న కృతులు, అంటే ఐదు పెద్ద పాటలు. నాలుగూ ఈ హాలులోనే. టికెట్ లేదు, పాస్ లేదు.

ఇక అసలు మాటకు వస్తాను. చందాల కోసం మేము ఇల్లిల్లూ తిరిగాం. దాదాపు ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట విన్నాను. "సార్, పైసలైతే ఇస్తం గని, అదంతా మద్రాసోళ్ల సంగీతం గదా, మనకేం సమజైతది?" ఇచ్చిన చేతికి దండం పెట్టాను గానీ ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇవాళ దానికి జవాబు చెప్పుకోవాలని వచ్చాను.

మన బమ్మెర ఇక్కడికి ఎంత దూరం? పాలకుర్తి బస్సెక్కితే పూట తిరక్కుండా చూసి రావచ్చు. పోతన గారిది ఆ ఊరు. ఆయన రాసిన భాగవతం ఎటెటు తిరిగిందో చూడండి. అక్కడెక్కడో కావేరి ఒడ్డున తిరువయ్యారులో, కాకర్ల ఇంటిపేరున్న ఒక తెలుగు కుటుంబం ఉంది. ఆ ఇంటి పిల్లవాడు త్యాగయ్య, 1767లో పుట్టాడు, 1847లో పోయాడు. ఆయన పోతన భాగవతాన్ని ప్రాణంగా చదువుకున్నాడని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. ప్రహ్లాదుడి కథ తీసుకుని ఆయన గేయనాటకం కట్టాడంటే ఆ చదువు ఎక్కడిదో మనకు తెలుస్తూనే ఉంది. బమ్మెర మట్టిలో పుట్టిన మాట కావేరి దాకా వెళ్లి పాటై వచ్చింది.

రామదాసు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, తానీషా కాలం, గోల్కొండ చెర. మన ఇళ్లలో ముసలమ్మలు ఆ కీర్తనలు పాడుకుంటూ వత్తులు చేసేవారు. త్యాగయ్య దేవగాంధారి రాగంలో ఒక కృతి చేస్తూ, ధీరుడైన రామదాసు బంధం నువ్వు తీర్చావని విన్నానయ్యా అని రాముడితో అంటాడు. రామదాసు పోయి వందేళ్లు దాటాక, ఇంత దూరాన ఉన్న ఒక మనిషి, మన ఖమ్మం జిల్లా మనిషి కష్టాన్ని తలుచుకుని దేవుణ్ణి అడుగుతున్నాడు. మద్రాసు సభల్లో పాడేది కూడా ఆ పాటే. పాడేవాళ్లు అక్కడివాళ్లు కావచ్చు, పాటలో ఉన్న మనిషి మనవాడు.

ఇంకా వెనక్కి వెళితే, అదే పాలకుర్తిలో కవి సోమనాథుడు ఉన్నాడు. పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం యాత్రికుల పాటలు చెబుతూ తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని వరుస పెడతాడు. వీణల పేర్లు, రాగాల పేర్లు కూడా చెబుతాడు. అప్పటి మామూలు జనం నోళ్లలో ఉన్న పాటల జాబితా అది. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర ఏనుగుల సేనను నడిపిన జాయప సేనాని 13వ శతాబ్దం మధ్యలో నృత్తరత్నావళి రాశాడు. గీతం మీద, వాద్యం మీద కూడా ఆయన గ్రంథాలు రాశాడంటారు, అవి మనకు దక్కలేదు. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. ఆ గుడికి వెళ్లినప్పుడు మదనికల ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం గానీ, ఈసారి వెళితే వాయిద్యాలు పట్టుకున్న చిన్న చిన్న బొమ్మల దగ్గర ఆగండి. ఆ చేతులు డోలు మీద ఎలా పడ్డాయో చూడండి. శిల్పి వాయించేవాళ్లను దగ్గరగా కూర్చుని చూడకపోతే ఆ వేళ్లు అలా రావు.

కాబట్టి ఈ సంగీతం పరాయిది అనే మాట నేను ఒప్పుకోను. మాట మనది, కథ మనది, పాటలోని మనుషులు మనవాళ్లు. పోయింది ఒకటే, కదలకుండా కూర్చుని వినే అలవాటు.

మాట మనది అంటే ఎంత మనదో ఒక్క ఉదాహరణ. ఖరహరప్రియ రాగంలో త్యాగయ్య కృతి ఒకటుంది, చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల ఓ మనసా అని. మార్గశిరం కచేరీలో ఇది పాడమని అడిగాం, ఒప్పుకున్నారు. మద్రాసులో తెలుగు రానివాళ్లు ఈ పాటకు అర్థం అడిగి తెలుసుకోవాలి. మనం? చౌరస్తాలో ట్రాఫిక్ ఆగితే బండి సందులోకి తిప్పేది మనమే. తిప్పి, ఎదురుగా ఆటో వచ్చి, ముందుకూ వెనక్కూ కదలక చెమటలు పట్టేదీ మనమే. ఆ తర్వాతి మాటలో చిక్కటి పాలు, మీగడ కూడా వస్తాయి. మీగడకు అర్థం చెప్పాల్సిన ఇల్లు మన ఊళ్లో ఉందా? ఆ కృతి వినడానికి మనకు నిఘంటువు అక్కర్లేదు.

"మరి ఒకటే లైను పదిసార్లు ఎందుకు పాడతారు సార్" అని నన్ను అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్న. వాటిని సంగతులు అంటారు. పొద్దు గూకాక ఒక తల్లి గుమ్మంలో నిలబడి ఆడుకుంటున్న పిల్లాణ్ణి పిలుస్తుంది. మొదట "రారా" అంటుంది, మామూలుగా. రాడు. రెండోసారి కొంచెం సాగదీస్తుంది. మూడోసారి గొంతులో కోపం. చీకటి పడ్డాక నాలుగోసారి పిలిస్తే అందులో భయం ఉంటుంది. మాట ఒక్కటే, "రారా". నాలుగు పిలుపులూ ఒకటేనా? కృతిలో ఒకే లైను తిరిగి తిరిగి వచ్చినప్పుడు ఏం మారిందో చూడండి. మొదటిసారి చదునుగా వస్తుంది, తర్వాత ఒక మాట పైకి లేస్తుంది, తర్వాత ఇంకో మాట మెలిక తిరుగుతుంది. రెండు సంగతుల మధ్య తేడా ఒక్కసారి చెవికి తగిలితే చాలు, ఆ తర్వాత విసుగు అనే మాట రాదు. ఇది నా అనుభవం.

కచేరీ నడిచే వరుస కూడా తెలిస్తే టెన్షన్ ఉండదు. ముందు వర్ణం, గొంతు వేడెక్కడానికి. తర్వాత రెండు మూడు చిన్న కృతులు. మధ్యలో ఒక రాగాన్ని మాటలు లేకుండా పాడతారు, అది ఆలాపన. ఆ వెంటనే వయొలిన్ అదే రాగాన్ని తన దారిలో వాయిస్తుంది. తర్వాత పెద్ద కృతి. అందులో ఒక లైను పట్టుకుని తాళం తప్పకుండా రకరకాలుగా పెంచుతూ పోతే అది నెరవు. ఆ పైన సరిగమలతో అల్లుకుంటూ పోతే కల్పనస్వరాలు. అవి ఇంట్లో రాసుకుని తెచ్చినవి కావు, అక్కడికక్కడే పుట్టేవి. అది అయ్యాక మృదంగానికీ ఘటానికీ వదిలేస్తారు, తని ఆవర్తనం. చివర్లో చిన్న చిన్న పాటలు, మంగళం. గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు పోయిన శతాబ్దంలో స్థిరపరిచిన పద్ధతి ఇది, ఇప్పటికీ దాదాపు ఇలాగే నడుస్తోంది.

ఈ తని ఆవర్తనం దగ్గర నేను కొంచెం ఆగాలి.

మూడేళ్ల కిందట ఊళ్లోనే మరో చోట ఒక గాత్ర కచేరీకి వెళ్లాను. ఆరింటికి అన్నారు. ఆరున్నర అయింది, ఏడయింది. అతిథులు రాలేదు. కళాకారులు శృతి చేసుకుని తెర వెనక కూర్చున్నారు. ఏడూ ఇరవైకి అతిథులు వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. పాట మొదలయ్యేసరికి ఎనిమిది దాటింది. ఆ గాయని అనుకున్న సగం కృతులు వదిలేయాల్సి వచ్చింది. అయినా ఏమాత్రం చిరాకు చూపకుండా పాడింది. తొమ్మిదిన్నరకు తని ఆవర్తనం వచ్చింది. మృదంగం మీద ఉన్నది ఇరవై రెండేళ్లు దాటని పిల్లాడు. అతను మొదటి దెబ్బ వేశాడో లేదో, కుర్చీలు జరిగిన చప్పుడు. పాట అయిపోయిందనుకుని లేచారు కొందరు, ఆకలికి లేచారు కొందరు. రెండు నిమిషాల్లో హాలు సగానికి సగం ఖాళీ. నేను ఆ పిల్లాడి ముఖమే చూస్తున్నాను. తల దించుకున్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

ముందు వరసలో ఒక అవ్వ కూర్చుని ఉంది. డెబ్బై ఐదేళ్లు ఉంటాయేమో. మోకాలి మీద తాళం వేస్తోంది, ఒక్క దెబ్బ తప్పకుండా. పిల్లాడు తల ఎత్తి చూశాడు. అవ్వ చెయ్యి కనిపించింది. కొంచెం పక్కకు తిరిగి ఆమె వైపుకు కూర్చున్నాడు. ఇక అక్కడి నుంచి వాయించాడు చూడండి. తాళాన్ని దాచి మళ్లీ బయటపెడుతూ, చెయ్యి తప్పిందా అని మనం అనుకునేలోపే సరిగ్గా సమంలోకి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడుతూ. అవ్వ చెయ్యి చెదరలేదు. పది నిమిషాలు ఇద్దరి మధ్య నడిచింది ఆ కచేరీ.

అయ్యాక ఆమె దగ్గరకు వెళ్లి, "అమ్మా, సంగీతం నేర్చుకున్నారా" అని అడిగాను. "సంగీతం నాకేడిది బిడ్డా. మా ఊళ్లె రామాలయం భజనల నలభై ఏండ్లు తాళాలు కొట్టిన" అంది. మరి అందరూ లేచిపోతే మీరు లేవలేదేమని అడిగాను. "పిల్లగాడు కొడుతున్నడు గదా. మధ్యల ఎట్ల లేస్తం?"

ఆ మాటే నన్ను ఈ కమిటీలోకి తెచ్చింది. ధనుర్మాసం కచేరీలో భజన మండళ్లు ఉండాలని పట్టుబట్టిందీ అందుకే. శాస్త్రీయ సంగీతం పక్కన భజన ఏమిటని ఒకరిద్దరు అన్నారు. చిరతలు పట్టిన చేతికి ఆదితాళం కొత్త కాదు. ఒకసారి చెయ్యి చాపండి అందరూ. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. నాలుగయింది. ఇప్పుడు దెబ్బ, చెయ్యి తిప్పడం. మళ్లీ దెబ్బ, తిప్పడం. ఎనిమిది. (సభలో అందరూ తాళం వేస్తున్నారు) అంతే. పిల్లలు ముందే పట్టుకున్నారు, చూడండి. మార్గశిరం కచేరీలో తని ఆవర్తనం వచ్చినప్పుడు ఇదే వేస్తూ ఉండండి. మీ చెయ్యి వేదిక మీదికి కనిపిస్తుంది. వాయించేవాడికి అది శాలువా కన్నా పెద్ద గౌరవం.

ఆ రోజు ఒక అరగంట ముందు వస్తే ఇంకొకటి చూడవచ్చు. మృదంగం ఎడమవైపు మూత మీద బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు. రవ్వలో నాలుగు చుక్కలు నీళ్లు పోసి, బొటనవేలితో మెత్తగా పిసికి, చపాతీ ముద్దలా గుండ్రంగా చేసి మూత మధ్యలో అద్దుతారు. ఒకసారి కొట్టి వింటారు. ఇంకా గుమ్మనకపోతే చిటికెడు కలుపుతారు. ఎక్కువైతే గోటితో గీకేస్తారు. కుడివైపు నల్లటి మచ్చ మాత్రం ఎప్పుడూ ఉండేదే, రాతి పొడి, అన్నం కలిపి పొర మీద పొర రుద్ది ఆరబెట్టింది. దాని అంచు చుట్టూ చిన్న కర్రముక్క ఆనించి రాయితో తడుతూ తంబూరాతో కలుపుతారు. కచేరీ అయ్యాక ఎడమవైపు రవ్వంతా గీకి తీసేస్తారు. ప్రతిసారీ కొత్త రవ్వే. పిల్లల్ని ఇది చూడటానికి తప్పకుండా తీసుకురండి. వేదిక దగ్గరికి రానివ్వమని కళాకారుల్ని ముందే అడిగి పెట్టాం.

వీణ కచేరీ గురించి ఒక్క విజ్ఞప్తి. వీణది చిన్న గొంతు. ఇరవై నాలుగు మెట్లు, ఏడు తీగలు. వాయించేవి నాలుగు, పక్కన తాళానికి మూడు. మెట్టు మీద తీగను పక్కకు లాగినప్పుడు స్వరం వంగి లేస్తుంది, అక్కడే ఉంది వీణ అందమంతా. సెల్ మోగితే, కుర్చీ కిర్రుమంటే ఆ వంపు పోతుంది. అందుకే దాన్ని కార్తీకంలో పెట్టాం. చలి మొదలై ఉంటుంది, ఫ్యాన్లు ఆపేయవచ్చు. మన ఊరి ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా వందమంది ఒక గదిలో కూర్చోలేరు. ఫ్యాన్ ఉంటే వీణ వినలేరు. చలికి ఓర్వలేని పెద్దవాళ్లు శాలువా తెచ్చుకోండి, కిటికీలు మూసే ఉంచుతాం.

మైకు సెట్ అతనితో కూడా మాట్లాడాం. బరాత్‌కు పెట్టే పెద్ద బాక్సులు వద్దన్నాం. రెండు చిన్న స్పీకర్లు, బేస్ తగ్గించి. కళాకారులు కచేరీకి ముందు వచ్చి ఒకసారి చూసుకుంటారు. ఆ తర్వాత మధ్యలో ఎవరూ వెళ్లి సౌండ్ పెంచమని చెప్పకండి. వినిపించకపోతే ముందుకు జరిగి కూర్చోండి. ముందు వరసలు ఎవరికీ రిజర్వ్ చేయడం లేదు.

ఆరింటికి అంటే ఆరింటికే. ఇది నేను పది మందిలో నిలబడి ఇస్తున్న మాట. ఎవరు రాకపోయినా ఆరింటికి తంబూరా మీటుతారు. ప్రసంగాలు ఉండవు. కళాకారులకు సన్మానం మంగళం అయ్యాకే, ఐదు నిమిషాల్లో. ఏ పెద్దమనిషి వచ్చినా అందరితో పాటు కూర్చుని వింటారు, మధ్యలో వేదిక మీదికి పిలవం.

(సభలో ఒకరు: "సార్, చిన్న పిల్లలున్నోళ్లు మధ్యల పోవాల్సి వస్తే?")

వెళ్లండమ్మా, ఏం ఇబ్బంది లేదు. పిల్లలు ఏడిస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు. వెనక తలుపు పక్కన చాపలు వేస్తాం, పిల్లలున్నవాళ్లు అక్కడ కూర్చోండి. పాటకూ పాటకూ మధ్య లేవడానికి కుదిరితే అప్పుడు లేవండి. బయట తిప్పి మళ్లీ తీసుకురండి. పిల్లల్ని ఇంట్లో వదిలి రావద్దు. వాళ్లు సగం నిద్రలో విన్నది కూడా చెవిలో ఉంటుంది. సీతాకల్యాణ వైభోగమే మీకెవరు నేర్పారు? ఏ పెళ్లిలోనో, శ్రీరామనవమి పందిట్లోనో అమ్మ ఒడిలో ఉండి విన్నారు. అది త్యాగయ్య కీర్తనే.

ఇక చివరిది, పుష్య బహుళ పంచమి. దీనికి మీ చెవులతో పాటు గొంతులు కూడా కావాలి. పంచరత్నాలు ఐదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు. ఐదూ ఆదితాళంలోనే, అంటే ఇందాక మీరు వేసిన తాళమే. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. తిరువయ్యారులో వందల మంది విద్వాంసులు కలిసి కూర్చుని పాడతారు. మనకు అంతమంది విద్వాంసులు లేరు. సంగీతం నేర్చుకున్న అమ్మాయిలు, వాళ్లకు నేర్పే టీచర్లు, ఎప్పుడో నేర్చుకుని పెళ్లయ్యాక వదిలేసినవాళ్లు మాత్రం మన కాలనీల్లోనే చాలామంది ఉన్నారు. వదిలేసినవాళ్లనే నేను ముఖ్యంగా అడుగుతున్నాను. మీ పాత పుస్తకం అటక మీద ఉంటే దించండి. సరళీ స్వరాల పక్కన మీ టీచర్ పెన్సిల్‌తో పెట్టిన టిక్కు ఇంకా ఉంటుంది.

ఐదింటినీ రెండున్నర నెలల్లో పట్టడం కొత్తవాళ్లకు కుదరదు. అందుకని కొత్తవాళ్లు ఆరభి, శ్రీ రాగ కృతులు రెండే నేర్చుకుంటారు, మిగతావి వచ్చినవాళ్లు పాడతారు. వరాళి రాగాన్ని గురువు ఎదుట కూర్చోబెట్టి నేర్పకూడదని పాత నమ్మకం ఒకటి ఉంది. దాన్ని విని పట్టుకోవాల్సిందే. అందుకని అది వచ్చినవాళ్లు పాడుతుంటే పక్కన కూర్చుని వినండి.

అభ్యాసం ఆదివారాలు పొద్దున ఏడింటికి, ఈ హాలులోనే. పండగ వెళ్లాక వచ్చే ఆదివారం నుంచి. సాహిత్యం అచ్చు వేయించిన కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. అక్షరాలు పెద్దవిగా వేయించాం, పెద్దవాళ్లకు కళ్లజోడుతో తిప్పలు లేకుండా. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. పాడనివాళ్లు కూడా తీసుకోండి, ఆ రోజు చూస్తూ వినవచ్చు. అభ్యాసానికి వచ్చేవాళ్లు పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను వద్దు. సంగతులు టీచర్ చెప్పేకొద్దీ మారుతుంటాయి, చెరిపి మళ్లీ రాసుకోవాలి.